తొమ్మిదిలో దిగి, ఒక అంతస్తు కిందికి

అటక మీంచి పాత సూట్‌కేసు దించి తాళం తీయగానే గుప్పుమంది. కర్పూరం, పుదీనా పువ్వు, వాటి వెనక ఏదో మందు ఘాటు. గొడ్డలి బొమ్మ తలనొప్పి నూనె! 1928 నుంచి సింగపూర్‌లో చేస్తున్న సరుకు అది. ఒకప్పుడు కోనసీమలో ఏ ఇంటి అరుగు మీద ఈ వాసన తగిలినా ఆ ఇంటివాడెవడో ఫారిన్‌లో ఉన్నట్టే లెక్క. ఎప్పుడు కారిందో ఏమో, సీసాలో చుక్క లేదు. అస్తరుకి మాత్రం అరచేతంత మరక.

లోపలి జేబులో ఒక కాగితం దొరికింది. చైనా క్యాలెండరు రేకు, వెనక మావాడి రాత. కాకినాడలో పాలిటెక్నిక్ చదివి, సింగపూర్‌లో జురాంగ్ వైపు ఓడల మరమ్మతు యార్డులో పనిచేసేవాడు. పొద్దున్నే చీకట్లోనే డ్యూటీకి పోయేవాడు. ఇంటికొచ్చిన చుట్టం రోజంతా ఊళ్ళో తనంతట తాను తిరిగి రావాలి కదా, అందుకని వరసగా రాసి ఫ్రిజ్ మీద అంటించేవాడు. మొదటి లైను: ‘లిఫ్టు 9లో దిగు. ఒక అంతస్తు మెట్లు కిందికి.’

దాని సంగతి చెప్పేముందు సామాన్ల సంగతి. కాగితం కంటే ముందు, నేను బయల్దేరక మునుపే, మావాడి ఉత్తరం వచ్చింది, అందులో ముప్పాతిక భాగం ఆవకాయే.

కొత్తావకాయ పెట్టిన వారానికే మోసుకెళ్ళకూడదు. ముక్క ఇంకా ఊరుతూనే ఉంటుంది, సంచిలో గాలి పుడుతుంది. మూడో రోజు తిరగకలిపాక మరో నెల జాడీలోనే ఉంచి, అప్పుడు తియ్యాలి. అప్పుడైనా డబ్బాలో నూనెతో పెడితే కొంప మునిగినట్టే. విమానం పైకెళ్ళాక సామాన్ల అరలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, డబ్బాలో మిగిలిన ఖాళీలో ఉన్న గాలి ఉబ్బి, నూనెని మూత సందుల్లోంచి తోసేస్తుంది. మూత ఎంత బిగించినా అంతే. కాబట్టి పైన తేలిన నూనె ఇంట్లోనే ఒంపేసుకుని, ముక్కా పిండీ మందపాటి పాలిథీన్ సంచిలో వేసి, గాలి పోయేదాకా నొక్కి ముడెయ్యాలి. దాన్ని ఇంకో సంచిలో పెట్టి, పాత పేపరు చుట్టి, స్టీలు డబ్బాలో కదలకుండా కూర్చాలి. అక్కడికెళ్ళాక నూనె కొనుక్కుని పోసుకోవచ్చు. అయితే ఆ నూనె దగ్గరా ఓ తిరకాసుంది. చైనావాళ్ళ కొట్లో అమ్మే నువ్వుల నూనె వేయించిన నువ్వులది, నల్లగా ఉంటుంది, కూరలో నాలుగు చుక్కలు వేసుకోడానికి. అది ఆవకాయలో పోస్తే జాడీ మొత్తం పారబొయ్యాలి. సెరంగూన్ రోడ్డులో తమిళుల కొట్టుకెళ్ళి ‘నల్లెణ్ణెయ్’ అని అడగాలి, అది మన గానుగ నూనెకి దగ్గర.

గసగసాలు వద్దంటే వద్దు. నల్లమందు మొక్క గింజలని అక్కడ నిషేధం. మనవాళ్ళు కోడికూర మసాలాపొడిలో దంచేస్తారు, పొడిగా ఉందిగదా ఎవరు చూస్తార్లే అనుకుంటారు. అలాంటి పొట్లం అసలు కట్టకూడదు. చూయింగ్ గమ్‌ 1992 నుంచి నిషేధం. దాంతో మనకి పనేముందిగానీ, పిల్లలున్న ఇంటివాళ్ళు బ్యాగులు దులుపుకుని వెళ్ళడం మంచిది.

ఆత్రేయపురం పూతరేకులు సామాన్లలో పడేస్తే అక్కడ పొడి తింటారు. గట్టి అట్టపెట్టెలో పెట్టి చేతిసంచిలో తీసుకెళ్ళాలి, తెరిచిన పూటే తినెయ్యాలి. ఆ ఊరి తేమకి గంటలో తడిబట్టలా వాలిపోతాయి. కాజాల్లో కాకినాడ గొట్టం కాజా వద్దు, పాకం కడుపులో దాచుకుంటుంది, నలిగిందా ఇస్త్రీ బట్టలన్నీ జిగురే. తాపేశ్వరం మడత కాజా కొంత నయం.

*

ఇక లిఫ్టు. మావాడుండేది తోపయోలో. ‘తో’ అంటే హొక్కియెన్ చైనా భాషలో పెద్ద, ‘పయ’ అంటే మలయా భాషలో చిత్తడి నేల. అంటే పెద్ద చిత్తడి. ఆ నేల మీద ప్రభుత్వం బ్లాకులు లేపింది. హెచ్‌డీబీ ఇళ్ళంటారు, ఆ దేశంలో నూటికి 80 మంది వరకు ఉండేది వాటిలోనే. గోదావరి ఒండ్రు మీద ఇల్లు కట్టేటప్పుడు పునాది ఎంత లోతు తియ్యాలో మేస్త్రీతో వాదులాడే మనకి, చిత్తడిలో పన్నెండంతస్తులు ఎలా నిలబెట్టారో అన్న ఆలోచన కాసేపు వదలదు.

పాత బ్లాకుల్లో లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగేది కాదు. ఒకటి, అయిదు, తొమ్మిది, పన్నెండు. అంతే. లిఫ్టులో మిగతా మీటలే ఉండేవి కావు. వాళ్ళు నేలనే ఒకటో అంతస్తుగా లెక్కపెడతారు, అక్కడే కొత్తవాళ్ళు దెబ్బతింటారు. మన లెక్కన ఏడోది వాళ్ళకి ఎనిమిదోది. ఎనిమిదికి అయిదులో దిగి మూడంతస్తులు ఎక్కడం కన్నా, తొమ్మిదిలో దిగి ఒక్కటి దిగడం తేలిక. బియ్యం బస్తా ఉన్న రోజున ఈ తేడా బాగా తెలుస్తుంది. 2001లో మొదలైన పథకంతో తరవాత చాలా పాత బ్లాకులకి అంతస్తంతస్తుకీ లిఫ్టు వచ్చేసింది.

చిరునామాలో వీధి పేరు కన్నా బ్లాకు నంబరు ముఖ్యం. మనిషంత అంకెలు గోడ మీద రాసి ఉంటాయి, దూరం నుంచే కనిపిస్తాయి. తలుపు నంబరులో మొదటి రెండంకెలు అంతస్తు, తరవాతవి ఇల్లు. బ్లాకు కింద స్తంభాల మధ్య గోడల్లేని జాగా వదులుతారు. ఓ శనివారం అక్కడ మలయావాళ్ళ పెళ్ళి, బిర్యానీ డేగిసాలు. వారం తిరిగేసరికి అదే చోట చైనావాళ్ళ శవపేటిక, రాత్రంతా మేలుకుని పేకాడుతూ కాపలా. సోమవారానికి రెండింటి ఆనవాలూ ఉండదు, కడిగేస్తారు.

*

‘కార్డు వంచకు. డోబీ గాట్‌లో నవ్వకు.’

ఇప్పుడంటే మెట్రో రైలు స్టేషన్లో కార్డు చూపిస్తే చాలు గేటు తెరుచుకుంటుంది. అప్పటి కార్డుకి వెనక టేపు రికార్డరు టేపులాంటి నల్ల పట్టీ ఉండేది. గేటుకి ఈ పక్క సందులో పెడితే లోపలికి లాక్కుని అవతల పైకి లేపేది. తీసుకుంటేనే దారి. ఆ కార్డు జేబులో వంగినా, అయస్కాంతం పక్కన పడినా గేటు ఉమ్మేసేది, వెనకాల వరస ఆగిపోయేది. బస్సులో అప్పట్లో ఇంకో పద్ధతి. ఎక్కగానే యంత్రంలో కార్డు పెట్టి, ఎంత దూరమో మనమే లెక్కేసి ఆ ఛార్జీ మీట నొక్కాల్సొచ్చేది. చిన్న చీటీ వచ్చేది. తక్కువ నొక్కి ఎక్కువ దూరం కూర్చున్నామా, మధ్యలో తనిఖీవాడు ఎక్కేవాడు. డబ్బులిస్తే చిల్లర తిరిగివ్వరు. బస్టాపులో నిలబడితే బస్సు ఆగదు, చెయ్యెత్తాలి. ఇదొక్కటీ మన రావులపాలెం సెంటర్‌లాగే.

అక్కడ మొట్టమొదటి మెట్రో రైలు ముక్క నడిచింది 1987 నవంబరులో, యో చూ కాంగ్ నుంచి ఈ తోపయో దాకానే. అక్కడ్నుంచి దక్షిణానికి నొవీనా, న్యూటన్, ఆర్చర్డ్, సోమర్సెట్, తరవాత డోబీ గాట్. పలకలో చూస్తే ధోబీ ఘాట్! చాకిరేవు! ఒకప్పుడు అక్కడి వాగులో ఇండియా నుంచి వెళ్ళిన చాకళ్ళు బట్టలుతికేవారు, పేరు అలాగే నిలిచిపోయింది. ఏసీ పెట్టెలో, అద్దాల తలుపుల వెనక, ‘చాకిరేవు వచ్చింది, దిగండి’ అన్నట్టు ఇంగ్లీషావిడ గొంతు వినిపిస్తే మన ముఖం అదుపులో ఉండదు. ఆ లైను అందుకు రాశాడు.

రైలు మారే చోటు గురించి మాత్రం కింద గీత గీసి మరీ రాశాడు. తూర్పుకెళ్ళేవాడు సిటీ హాల్‌లో, పడమటికి, అంటే యార్డు వైపు, వెళ్ళేవాడు దాని తరవాతి రాఫెల్స్ ప్లేస్‌లో దిగాలి. రెండు స్టేషన్లలోనూ ఉత్తర-దక్షిణ, తూర్పు-పడమర దారులు రెండూ కలుస్తాయి కాబట్టి ఎక్కడ దిగినా రైలు దొరుకుతుంది. కానీ సరైన చోట దిగితే మెట్లెక్కే పనిలేదు, దిగిన ప్లాట్‌ఫారానికి ఎదుటి పక్కనే రెండో రైలు ఉంటుంది. తప్పు చోట దిగితే ఎస్కలేటరు వెతుక్కోవాలి. లోపల తిన్నా తాగినా 500 డాలర్ల దాకా జరిమానా. గుక్కెడు మంచినీళ్ళు తాగినా అంతే.

*

‘గెడలు’ అని ఒక్క మాట రాసి, పక్కన బొమ్మ వేశాడు.

ఆ బ్లాకుల్లో డాబా మీదికి పోనివ్వరు, పెరడు లేదు. బట్టలు ఆరెయ్యడానికి వంటింటి కిటికీ బయట, కిందగా, గోడలోంచి పొట్టి ఇనప గొట్టాలు వరసగా పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిలో వెదురు గెడ మొదలు దూర్చితే గెడ గాల్లోకి, ఎనిమిదంతస్తుల ఎత్తున, అడ్డంగా నిలబడుతుంది. అదే దండెం. దూరం నుంచి చూస్తే బ్లాకు బ్లాకంతా రంగురంగుల జెండాలు కట్టిన తిరనాళ్ళలా ఉండేది.

దానికో విద్య ఉంది. గెడ పొడవు దగ్గర దగ్గర రెండు నిలువులు. ముందు వంటింట్లోనే ఒక కొస కుర్చీ వీపు మీద, రెండో కొస గట్టు మీద ఆనించి, చొక్కాని ఒక చేతిలోంచి ఎక్కించి రెండో చేతిలోంచి తియ్యాలి. లుంగీ అయితే గొట్టంలా తొడగడమే. తువ్వాలు మడత వేసి రెండు వైపులా క్లిప్పులు. అసలు కిటుకు వరసలో ఉంది. బరువైనవి గోడ వైపుకి, బనీన్లూ రుమాళ్ళూ కొసకి. తడి జీన్సు కొసన వేశామంటే, కిటికీలోంచి బయటికి తోసిన క్షణంలో గెడ ముక్కు కిందికి లాగేస్తుంది, మణికట్టు ఆపలేదు. కింద నడిచేవాడి నెత్తి మీద పడిందంటే అది పొరపాటు కాదు, నేరం. పోలీసులొస్తారు.

కాబట్టి కొసని ముందు బయటికి పంపి, మొదలుని చంకలో బిగించి, ఒంటి బరువంతా వెనక్కి వేసి, ఎడంచేత్తో గొట్టం నోరు తడిమి పట్టుకుని, అప్పుడు మొదలు దింపాలి. కొత్తవాళ్ళు చేతుల బలంతో చేస్తారు, అందుకే వణుకుతారు. మావాడు నడుంతో చేసేవాడు. లంకల్లో పుట్టినవాడు, నాటు పడవకి గెడ వేసిన ఒళ్ళు. గెడ నీళ్ళలోకి దింపినట్టే గాల్లోకి దింపేవాడు, ఒక్క చప్పుడు లేకుండా. పక్కింటి చైనా మామ్మగారు కిటికీలోంచి చూసి బొటనవేలు ఎత్తేది. అయినా మొదటి రోజు మావాడికి తిట్లు పడ్డాయిట. సరిగా పిండకుండా ఆరేస్తే ఆ నీళ్ళు కింది అంతస్తులవాళ్ళ ఎండిన బట్టల మీద కారతాయి. ఏ భాషో తెలియకపోయినా ఆ తిట్టు అర్థమవుతుంది.

అక్కడ ఏడాది పొడుగునా పొద్దు ఏడింటి ప్రాంతంలో పొడుస్తుంది, ఏడింటి ప్రాంతంలోనే కుంకుతుంది. పగలు పెరగడం తరగడం లేదు. మధ్యాహ్నం రెండు దాటాక మబ్బు కమ్మిందంటే చెప్పా పెట్టకుండా కుమ్మేస్తుంది. మొదటి చినుకుకి బ్లాకంతా కిటికీలు తెరుచుకునే టకటకలు, గొట్టాల్లోంచి వెదుళ్ళు లాగే కరకరలు, పైనుంచి కిందిదాకా అరుపులు. అయిదు నిమిషాల్లో జెండాలన్నీ మాయం. ఉత్త గోడ మిగిలేది. కళ్ళాల్లో ధాన్యం ఉండగా వాన పడితే మన ఊళ్ళో లేచే గోల గుర్తొచ్చేది.

*

తిండి గురించి కాగితంలో రాసింది తక్కువ, నోటితో చెప్పింది ఎక్కువ. హాకర్ సెంటరంటే నలభై యాభై కొట్లు ఒక కప్పు కింద. ముందు కుర్చీ పట్టాలి. బల్ల మీద టిష్యూ కాగితాల పాకెట్టు పెట్టి వెళితే ఎవరూ కూర్చోరు. అమలాపురం బస్టాండులో కిటికీలోంచి సీట్లోకి తువ్వాలు విసిరినట్టన్నమాట, కాకపోతే వచ్చేసరికి మన తువ్వాలు కింద ఉంటుంది, వాళ్ళ పాకెట్టు అక్కడే ఉంటుంది.

‘కొపీ’ అంటే కాఫీలో తియ్యటి డబ్బాపాలు. ‘కొపీ ఓ’ అంటే పాలు లేకుండా పంచదారతో. ‘కొపీ సీ’ అంటే తీపి కలపని చిక్కటి డబ్బాపాలూ పంచదారా. వెనక ‘కొసోంగ్’ చేరిస్తే పంచదార వెయ్యరు, ‘పెంగ్’ అంటే ఐసు. టీకి ‘తే’, ఇవే తోకలు. అల్లం టీ కావాలంటే ‘తే హలియా’.

శాకాహారులకి పెద్ద గండం బెలచాన్. ఎండు రొయ్యలు దంచి పులియబెట్టిన ముద్ద. ఆకుకూర వేపుడు కదా అని తీసుకుంటారు, అందులో అదే ఉంటుంది. కంకుంగ్ అని గొప్పగా తెచ్చి పెట్టేది మన కాలవ గట్ల మీద ఎవరూ పట్టించుకోని తూటికూరే. బెలచాన్ తాలింపు వాసన మాత్రం రొయ్యపొట్టు వేయించే ఇంటి ముందు నిలబడ్డట్టుంటుంది. మావాడికి అందుకే అది అంత ఇష్టం. నీచు తాకనివాళ్ళు కొట్టు మీద చైనా శాకాహారం గుర్తు చూసుకోవాలి, లేదా నేరుగా సెరంగూన్ రోడ్డుకెళ్ళి ఇడ్లీ తినాలి.

చేపలు టెక్కా బజారులో. పేర్లు తెలిస్తే బేరం సగం అయిపోయినట్టే. సియాకప్ అంటే పండుగొప్ప. బావల్ అంటే చందువ. తెంగిరి అంటే వంజరం. పులస అడిగితే అక్కడివాళ్ళెవరికీ తెలియదు, అడక్కూడదు కూడా, దుఃఖం తప్ప ఏమీ ఉండదు. పులుసు పెట్టే రోజు వంటింటి కిటికీ బార్లా తెరిచి, గదుల తలుపులు మూసి, బట్టల గెడలు ముందుగా లోపలికి తీసెయ్యాలి. లేకపోతే ఆ చొక్కాతో మర్నాడు రైలెక్కితే పక్క సీటు ఖాళీగా ఉంటుంది.

ఆదివారం సాయంత్రాలు సెరంగూన్ రోడ్డులో నడవడానికి చోటుండేది కాదు. 1855లో వెలిసిన శ్రీనివాస పెరుమాళ్ గుళ్ళో దణ్ణం పెట్టుకుని బయటికొస్తే, వారమంతా ఎవరితోనూ మాట్లాడనట్టు గుంపులు గుంపులుగా మగాళ్ళు. ఫోను కార్డులు అమ్మే కుర్రాళ్ళు. గోకితే నంబరు బయటపడే కార్డు. ముందు కంపెనీ నంబరు, తరవాత గోకిన నంబరు, తరవాత మన ఊరిది. ఒక్క అంకె తప్పితే మళ్ళీ మొదటికి. కార్డు మీద ఇన్ని నిమిషాలని వేసేవారుగానీ, కలిసిన ప్రతిసారీ కొంత కోసేసేవారు, అందుకే మూడు చిన్న ఫోన్ల కన్నా ఒక పెద్ద ఫోను మేలు.

అయితే ఊళ్ళో మావాడింట్లో ఫోను లేదు, అవతల ఉన్నది ఊరి సెంటర్లో ఎస్టీడీ బూత్. మొదటి ఫోను ‘మా అమ్మని పిలవండి’ అనడానికి. కుర్రాడు సైకిలేసుకుని వెళ్ళాలి, ఆవిడ చీర సర్దుకుని రావాలి. పావుగంట ఆగి రెండోది. రెండున్నర గంటల తేడా. అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి చేస్తే ఇక్కడ ఏడు, ఆవిడ అప్పుడే దీపం పెట్టి ఉంటుంది. పావుగంట సేపు మావాడు ఆ ఫోను బల్లకి ఆనుకుని, వేళ్ళతో చెక్క మీద కొడుతూ, ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడేవాడు. గాలివాన వచ్చి లైన్లు తెగిన వారం ఆ వేళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించేది.

*

ఒక్క సెలవు రోజు మాత్రం తనే తీసుకెళ్ళాడు. చాంగీ చివర రేవు నుంచి పులావ్ ఉబిన్‌కి. పులావ్ అంటే లంక. బంబోటు అని చెక్కపడవ, డీజిలు ఇంజను. 12 మంది పోగయితేనే కదులుతుంది. తొందరగా ఉంటే ఖాళీ సీట్ల డబ్బులు కూడా మనమే కట్టి బయల్దేరొచ్చు. ఎవరూ కట్టరు. తడి చెక్కబల్ల, డీజిలు పొగ, ఇంజను డుబుడుబు, రేవు గట్టు మీద ఇంకా ఎవరైనా వస్తున్నారా అని చూసే పడవవాడు. కోటిపల్లి రేవులో ముక్తేశ్వరం పంటు కోసం కూర్చున్నట్టే ఉంది.

పది నిమిషాల్లో అవతలి ఒడ్డు. రేకుల కప్పుల ఇళ్ళు, కోళ్ళు, అద్దె సైకిళ్ళు. సైకిలు తీసుకునేముందు బ్రేకు రెండు చేతులతోనూ పట్టి చూడాలి, ఆ మట్టిరోడ్లు దిగువకి ఒక్కసారి జారతాయి. మావాడు సైకిలు గోడకి ఆనించి కొబ్బరిచెట్ల మొవ్వులు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. “కొమ్ముపురుగు పట్టింది చూడు, ఎవడూ పట్టించుకోలేదు” అన్నాడు. నిజమే, విప్పిన ఆకులు కత్తెరేసినట్టు మూడు కోణాలుగా తెగి ఉన్నాయి.

*

కాగితం చివరి లైను కిందికి జారిపోతూ రాసి ఉంది. డ్యూటీకి వేళయిపోయినట్టుంది: ‘వెళ్ళేటప్పుడు ఇనప గేటు తాళం రెండుసార్లు తిప్పు. గెడలు లోపలికి తీసిపెట్టు. వాన వస్తుంది.’

నిన్న ఫోన్ చేశాను. ఉద్యోగం మానేసి వచ్చి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు అంబాజీపేట దగ్గర కొబ్బరితోట చూసుకుంటున్నాడు. కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. అవతల దింపు తీసేవాళ్ళు కాయలు పడేస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫోను తెగిపోయిందేమో అనుకున్నాను.

“ఇంతకీ బావా, ఆ రోజు గెడలు లోపల పెట్టే వెళ్ళావా?” అన్నాడు.

పెట్టలేదు.